హోటల్ బిల్లులో ఏది తప్పక కట్టాలి, ఏది మన ఇష్టం

హోటల్లో ఆరు వందల రూపాయల భోజనం చేస్తే బిల్లు ఏడు వందలకు దగ్గరగా వస్తోంది. మధ్యలో సర్వీస్ చార్జ్ అని, సీజీఎస్టీ అని, ఎస్‌జీఎస్టీ అని, ప్యాకింగ్ అని వరుసగా లైన్లుంటాయి. ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు నలుగురిలో లెక్క అడగడానికి మొహమాటపడి చాలామంది కట్టేసి వస్తారు. తెలుగు రాష్ట్రాల బయట ఉండే మనకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గోడ మీది బోర్డు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో ఉంటుంది. ఆ భాష గడగడా మాట్లాడే మన పెద్దల్లో కూడా కొందరు దాన్ని చదవలేరు. అందుకే బిల్లులో ఒక్కొక్క లైను ఏమిటో ఇక్కడ వివరంగా ఇస్తున్నాం.

జీఎస్టీ: తప్పక కట్టాలి, కానీ అందరికీ కాదు

మామూలు హోటల్లో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. ఏసీ ఉన్నా లేకున్నా, అక్కడే తిన్నా పార్సిల్ తీసుకున్నా ఇదే రేటు. బిల్లులో ఇది 2.5 శాతం చొప్పున రెండు లైన్లుగా కనిపిస్తుంది, ఒకటి కేంద్రానికి, ఒకటి రాష్ట్రానికి. రోజుకు 7,500 రూపాయలకు మించి గది అద్దె ఉండే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో మాత్రం 18 శాతం పడుతుంది. మద్యం జీఎస్టీలోకి రాదు. దాని మీద రాష్ట్రాల పన్ను వేరు కాబట్టి ధర ఊరు దాటితే మారుతుంది. అన్నం మీద పన్ను మాత్రం యానాంలోనూ కాకినాడలోనూ ఒకటే.

జీఎస్టీ వసూలు చేసే హోటల్ బిల్లు మీద 15 అక్షరాలు, అంకెల జీఎస్టీ నంబరు ఉండి తీరాలి. అందులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, ఒడిశాకు 21, మహారాష్ట్రకు 27, యానాం చేరిన పుదుచ్చేరికి 34. నంబరు లేకుండా జీఎస్టీ వేశారంటే ఆ డబ్బు కట్టనక్కర్లేదు.

చిన్న హోటళ్లలో చాలావరకు కంపోజిషన్ పద్ధతిలో ఉంటాయి. ఏడాది వ్యాపారం కోటిన్నర లోపు ఉన్నవాళ్లు దీన్ని ఎంచుకోవచ్చు. వాళ్లు తమ పన్ను తామే కట్టుకోవాలి, గిరాకీ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ఆ సంగతి బిల్లు మీదే రాయాలి కూడా. అనుమానం వస్తే జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. హోటల్ పేరు, అది కంపోజిషన్‌లో ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది.

సర్వీస్ చార్జ్: మన ఇష్టం

ఎక్కువ గొడవ దీని దగ్గరే. 2017 జూలై 1కి ముందు సర్వీస్ టాక్స్ అనే ప్రభుత్వ పన్ను ఉండేది. జీఎస్టీ రావడంతో అది పోయింది. పేరు దగ్గరగా ఉండడంతో సర్వీస్ చార్జ్ కూడా పన్నే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది ప్రభుత్వానికి పోయేది కాదు, హోటల్ తనకోసం వేసుకునేది.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం హోటల్ తనంతట తాను సర్వీస్ చార్జ్‌ను బిల్లులో కలపకూడదు. స్టాఫ్ వెల్ఫేర్ అనో మరొకటనో పేరు మార్చినా అదే మాట. కట్టాలని బలవంతం చేయకూడదు. కట్టేవాళ్లనే లోపలికి రానిస్తామనీ అనకూడదు. ఆహారం ధరకు దాన్ని కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయడం కూడా కుదరదు.

హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లగా, అదే నెలలో ఈ మార్గదర్శకాలపై స్టే వచ్చింది. చివరకు 2025 మార్చి 28న కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసి మార్గదర్శకాలను సమర్థించింది. రెండు సంఘాలకూ లక్ష రూపాయల చొప్పున ఖర్చులు విధించింది. సంఘాలు దీనిపై డివిజన్ బెంచ్‌కు అప్పీలు చేశాయి.

లెక్క చూడండి. 1,200 రూపాయల భోజనానికి 5 శాతం జీఎస్టీ 60, మొత్తం 1,260. అదే 10 శాతం సర్వీస్ చార్జ్ కలిపితే 1,320 అవుతుంది. దాని మీద జీఎస్టీ 66, మొత్తం 1,386. పైన పడింది 120 కాదు, 126 రూపాయలు.

నీళ్ల సీసా, పార్సిల్ డబ్బా

కూర్చుని తినే హోటల్లో నీళ్ల సీసాకు ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. కాబట్టి తాగాక వాదించి లాభం లేదు. కూర్చోగానే మామూలు నీళ్లు పెట్టమని అడగండి. పార్సిల్ డబ్బాకు విడిగా వేస్తారేమో ఆర్డర్ ఇచ్చేముందే కనుక్కోండి. ముందు చెప్పని ధరను, అడగని వస్తువును బిల్లులో చూస్తే ప్రశ్నించే హక్కు మీకుంది.

ఎలా అడగాలి, ఎక్కడ చెప్పాలి

ముందు గల్లా దగ్గర మర్యాదగా అడగండి. "సర్వీస్ చార్జ్ తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి" అంటే చాలు. చాలాచోట్ల తీసేస్తారు. సర్వర్ మీద కోప్పడి ప్రయోజనం లేదు, బిల్లు వేసేది అతను కాదు.

తీయకపోతే బిల్లును ఫోటో తీసి దాచుకోండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇది 17 భాషల్లో పనిచేస్తుంది, వాటిలో తెలుగు ఉంది. షోలాపూర్‌లో ఉన్నా బరంపురంలో ఉన్నా మన మాటలోనే చెప్పుకోవచ్చు. జిల్లా కలెక్టరుకూ ఫిర్యాదు ఇవ్వవచ్చు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊరిలోనో, పనిచేసే ఊరిలోనో కేసు వేయవచ్చు, హోటల్ వేరే రాష్ట్రంలో ఉన్నా సరే. హోసూరు కుటుంబం బెంగళూరులో తిన్న బిల్లుకు బెంగళూరు చుట్టూ తిరగనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు.

వంద రూపాయల కోసం ఇంత అవసరమా అనిపించవచ్చు. తమిళనాడులోని విల్లుపురంలో ఒకాయన 25 పార్సిల్ భోజనాలు కొంటే వాటిలో ఊరగాయ పెట్టలేదు. ఆ సంగతి కమిషన్ దాకా వెళ్లింది. 2024లో హోటల్ 35 వేల రూపాయల పరిహారం కట్టాలని తీర్పు వచ్చింది.

సర్వర్లకూ, హోటల్ నడిపేవాళ్లకూ

సర్వీస్ చార్జ్ వద్దంటే పనివాళ్ల పొట్ట కొట్టినట్టు కాదు. బిల్లులో కట్టింది యాజమాన్యానికి చేరుతుంది. అందులో వడ్డించినవారికి ఎంత పోతుందో బిల్లు చెప్పదు. వడ్డన నచ్చితే పదో ఇరవయ్యో వాళ్ల చేతికే ఇవ్వండి.

మనవాళ్లలో మెస్సులు, టిఫిన్ సెంటర్లు నడిపేవాళ్లకూ ఒక మాట. జీతాలు, అద్దెలు, గ్యాసు పెరిగాయంటే ఆ ఖర్చును మెనూ ధరలోనే కలపండి. భోజనం ధర ఎంత పెట్టాలన్నది మీ ఇష్టమే, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. ముందు 110 అని చెబితే కట్టే మనిషి, 100 అని కూర్చోబెట్టి చివర్లో 110 అంటే మళ్లీ ఆ గడప తొక్కడు.