హెబ్రోను సహవాస ఆరాధన
భక్తసింగ్ (1903–2000) పరిచర్య నుంచి పుట్టిన స్వతంత్ర క్రైస్తవ సంఘాల ఆరాధన విధానం ఇది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదువుకు విదేశాలకు వెళ్లిన ఆయన 1929లో క్రీస్తును విశ్వసించారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రాలు మొదలయ్యాయి. అక్కణ్నుంచి తెలుగునాట ఈ సంఘాలు ఊరూరా పాకాయి.

ఆదివారం కూటమే వీటి ప్రాణం. చెప్పులు బయట విడిచి, స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. స్త్రీలు తలమీద ముసుగు వేసుకుంటారు. ముందే రాసిపెట్టిన ప్రార్థనల పుస్తకం ఉండదు. కాసేపు మౌనం; ఎవరో లేచి సొంత మాటల్లో స్తుతిస్తారు, చుట్టూ ‘ఆమేన్’ అంటారు, ఇంకొకరు లేస్తారు. అక్షరం రాని కూలీ ప్రార్థనకూ, అధికారి ప్రార్థనకూ ఒకే చోటు. పాటలకు ‘సీయోను గీతములు’ అనే పుస్తకం ఉంది. తర్వాత రొట్టె విరవడం (ప్రభు భోజనం), సుదీర్ఘ వాక్యోపదేశం. మధ్యాహ్నం దాటినా ఎవరూ తొందరపడరు. కొత్తగా వచ్చినవారికి కాస్త ఓపిక కావాలి మరి.

ఆత్మీయ ఎదుగుదలకు వీరు ఆధారంగా తీసుకునేది అపొస్తలుల కార్యములు 2:42: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఏటా జరిగే పరిశుద్ధ సమాజకూటాల్లో వేలమంది కులం ఊసు లేకుండా బంతుల్లో కూర్చుని ఒకే వంట తింటారు.