అరువదేండ్లు దాటిన పిమ్మట కుంచె పట్టిన కవి

కళాభ్యాసమునకు బాల్యమే తగిన కాలమని మనవారిలో పెక్కురు తలంతురు. రవీంద్రనాథ ఠాకూరుగారి చరిత్రము దీనికి తగిన సమాధానము. 1861లో జన్మించిన ఆ మహాకవి 1924లో 'పూరబి' వ్రాతప్రతియందలి కొట్టివేతలను గీతలతో కలిపి వింతపక్షులుగను, పేరులేని మృగములుగను మార్చెను. 1930లో పారిసునగరమున ఆయన చిత్రప్రదర్శనము జరిగెను. 1933లో వాల్తేరునకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఉపన్యసించునాటికి ఆయన కవియే గాక చిత్రకారుడు గూడ. 1937లో 'ఖాప్ఛాడా' అను హాస్యపద్యములకు తానే నవ్వుపుట్టించు బొమ్మలు వ్రాసెను. 1941లో కీర్తిశేషుడగునప్పటికి రెండువేలకు మించిన చిత్రములు వెలసెను.

పలాస, టెక్కలి, ఉద్దానపు తోటలలో ఆయువు గడపిన మన పెద్దలు తమకు కాలము దాటినదని నిరాశ చెందనక్కరలేదు. సంఘనిధిని బాలుర విద్యకే గాక, నేర్వగోరు వృద్ధులకును కొంత వినియోగింపవలెనని దాతలను ప్రార్థించుచున్నాము.