యక్షుడి చేతిలో గేరు చక్రం

ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లో రిజర్వ్ బ్యాంక్ గుమ్మానికి చెరో పక్కన ఒక యక్షుడూ ఒక యక్షీ నిలబడి ఉంటారు. మనిషికి మూడింతలకు పైనే ఎత్తు. యక్షులంటే కుబేరుడి మనుషులు, సంపదకు కాపలాదార్లు. కాబట్టి బ్యాంకు ముందు వాళ్ళుండటంలో వింతేం లేదు. నన్ను ఆపేసేవి వాళ్ళ చేతులు. యక్షుడి ఒక చేతిలో డబ్బు సంచి, ఇంకో చేతిలో గేరు చక్రం. యక్షి దగ్గర పువ్వు, వరి కంకులు.

వీటిని చేసింది రాంకింకర్ బైజ్. ప్రభుత్వ భవనాల్లో కళాకారులకు చోటివ్వాలన్న నెహ్రూ సూచనతో 1950ల నడుమ బ్యాంకు ఈ పని తలపెట్టింది. యక్షుడికి మధుర మ్యూజియంలోని పర్ఖాం విగ్రహం, యక్షికి కలకత్తా మ్యూజియంలోని బేస్‌నగర్ విగ్రహం ఆధారం.

రాంకింకర్ చేతివాటం తెలిసినవాళ్ళకి ఇది కాస్త విచిత్రంగానే ఉంటుంది. 1938లో శాంతినికేతన్‌లో, ఎవరూ డబ్బిచ్చి అడక్కుండానే, ‘సంథాల్ కుటుంబం’ చేశాడాయన. సిమెంటూ కంకరా కలిపి ముద్దలుగా విసిరి నిలబెట్టిన బొమ్మలవి. తండ్రి భుజాన కావడి, అందులో ఒక పిల్లవాడు, తల్లి చంకలో మరొకడు, వెంట కుక్క. అందరూ ఎక్కడికో నడిచి పోతున్నారు. అలాంటి చేతికి కాంగ్రా వైపు నుంచి తెచ్చిన ఇసుకరాయి దొరికింది. అంతలేసి బండలను కొండల్లోంచి ఢిల్లీకి చేర్చడమే పెద్ద అవస్థ. ఖర్చు అంచనాలు దాటిపోయింది. పని ముగిసేసరికి పదేళ్ళు దాటి 1967 వచ్చింది. నాకైతే యక్షుడు బరువుగా, కొంచెం బిగుసుకుపోయినట్టు అనిపిస్తాడు. కావడి మోసే తండ్రిలోని నడక ఇందులో లేదు.

యక్షి ఒంటి మీద బట్టల్లేవని రాజ్యసభలో ప్రశ్న కూడా వచ్చింది. అదే ఒళ్ళు మ్యూజియంలో ఉంటే పురావస్తువు, బ్యాంకు ముందుకొస్తే అసభ్యం!

అంతకంటే నన్ను వెంటాడేది వాటి కాలం. పని మొదలైన రోజులు రెండో ప్రణాళికవి. ఉక్కు కర్మాగారాలు, భారీ యంత్రాలు, రేపటి మీద బోలెడు నమ్మకం. గేరు చక్రం అక్కడి నుంచి వచ్చిందే. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. 4.76 రూపాయలున్న డాలరు 7.50కి చేరింది. బీహార్‌లో కరువు. తిండికి అమెరికా గోధుమల ఓడల కోసం దేశం ఎదురుచూస్తోంది. యక్షి వరి కంకులు పట్టుకుని ఢిల్లీలో నిలబడింది సరిగ్గా అప్పుడే.