తుపాకి గొట్టమునకు ఇరువది అంగుళముల గీత

మాదాపూరులోనో గచ్చిబౌలిలోనో బ్యాంకు ద్వారము చెంత నిలుచున్న కాపలాదారుని మన విద్యార్థులు తరచుగా చూచుచునే యుందురు. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ చుట్టును లేచిన అద్దాల మేడల నడుమ, అతని భుజమునకు వ్రేలాడు రెండు గొట్టముల తుపాకి పాతకాలపు వస్తువువలె కనిపించును. అది అంత పొడవుగా ఏల యుండవలెను? కురచదైనచో మోయుట సులువు కదా! ఈ ప్రశ్నకు సగము జవాబు భౌతికశాస్త్రములో నున్నది. తక్కిన సగము చరిత్రలో నున్నది.

ముందుగా భౌతికశాస్త్రమును చూతము. కాపలాదారుల చేత సాధారణముగా నుండునది 12 బోరు తుపాకి. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక్కటి ఆ గొట్టములో సరిగా పట్టును. దాని వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. గొట్టము లోపలి గోడ నున్నగా నుండును. రైఫిలు గొట్టములోనైతే మెలికలు తిరిగిన గాడులుండి, గుండును బొంగరమువలె త్రిప్పి పంపును. తూటాలోని మందు మండినపుడు పుట్టిన వాయువు వ్యాకోచించుచు గుండ్లను ముందుకు నెట్టును. అయితే ఆ ఒత్తిడి మొదటి కొలది అంగుళములలోనే శిఖరము నందుకొని, ఆపై త్వరగా తగ్గిపోవును. అందుచేత నున్నని గొట్టమును కొంత కురచ చేసినను గుండ్ల వేగము అంతగా తగ్గదు. చప్పుడు పెరుగును, మంట పెరుగును, గురి కుదరదు. మరి కురచ చేసినవానికి లాభమేమి? తుపాకిని వస్త్రముల మాటున దాచుకొనవచ్చును. పొలము కాచు రైతునకు గాని, గురి నేర్చుకొను క్రీడాకారునకు గాని ఈ లాభముతో పని లేదు. చట్టము చేత కొలబద్ద పట్టుటకు కారణ మిదియే.

కాని మన దేశములో ఆయుధ చట్టము మొదట కొలబద్ద పట్టలేదు. 1857 తిరుగుబాటు తరువాత ప్రభుత్వమునకు ప్రజల చేతి ఆయుధమన్న భయము పట్టుకొన్నది. లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున, 1878లో, ఆయుధ చట్టము వచ్చినది. భారతీయుడు తుపాకి నుంచుకొనవలెనన్న లైసెన్సు కావలెను. ఐరోపావారికి ఆ నిర్బంధము లేదు. అనగా ఆ చట్టము తుపాకిని చూచుటకు ముందే దానిని పట్టుకొన్న మనిషి జాతిని చూచినది. ఈ అవమానమును కాంగ్రెసు తన తొలి సభలనుండియే ఎత్తిచూపినది. 1887లో మద్రాసున జరిగిన సభ అందొకటి. జాతిభేదముపై నిలిచిన ఆ మినహాయింపులు 1920 ప్రాంతమున గాని తొలగలేదు.

మనిషి తరువాత ప్రభుత్వపు దృష్టి బోరుపై పడినది. సైన్యపు తూటా పట్టు తుపాకి ప్రజల చేత నుండరాదన్నది దాని సూత్రము. పాత మార్టినీ-హెన్రీ సైనిక రైఫిలు బోరు .450. అందుచే 20వ శతాబ్ది తొలి దశకమున ఆ బోరు వేట రైఫిళ్లు భారతదేశమునకు రాకుండ నిషేధించిరి. దాని ఫలితము విచిత్రమైనది. ఇంగ్లండులోని తుపాకుల తయారీదారులు .465, .470 వంటి కొత్త బోరులను సృష్టించి అమ్మసాగిరి. ఒక దేశపు చట్టములోని సంఖ్య వేరొక దేశపు కార్ఖానాలో గొట్టము వ్యాసమును మార్చినదన్నమాట.

ప్రభుత్వపు ఆ భయమునకు ఆధారము కలదని మన మన్యములో రుజువైనది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసి 26 తుపాకులను, తూటాలను చేజిక్కించుకొనెను. పోరు సాగవలెనన్న తుపాకి యొక్కటి చాలదు. దానికి సరిపడు తూటా కూడ దొరకవలెను. ఈ చిక్కును ఎరిగియే ప్రభుత్వము ఇషాపూరు కార్ఖానాలో పోలీసులకై .410 బోరు మస్కెట్లను తయారు చేయించినది. చూచుటకు అవి సైన్యపు లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్లవలెనే యుండును. గొట్టము మాత్రము నున్ననిది. సైన్యపు .303 తూటాకు అది తగినది కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1959లో కొత్త ఆయుధ చట్టము చేయబడి, 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇందులో మూడవ కొలతయైన పొడవు ప్రవేశించినది. గొట్టము 20 అంగుళములకు తగ్గని నున్నని తుపాకిని ఆత్మరక్షణకో క్రీడకో కోరు పౌరునకు, తగిన ఇతర కారణములు అడ్డురానిచో, లైసెన్సు ఇయ్యవలెనని 13వ సెక్షను చెప్పుచున్నది. పంట కాపుదలకు మూతినుండి మందు కూరు తుపాకి, రైఫిలు క్లబ్బు సభ్యుని గురి సాధనకు .22 రైఫిలు కూడ అచ్చటనే పేర్కొనబడినవి. 1962 నియమావళి 20 అంగుళములకు తక్కువైన నున్నని తుపాకిని కఠినమైన మొదటి వర్గములో చేర్చినది. 20 అంగుళములనగా 50.8 సెంటీమీటర్లు, బడి కొలబద్దలు రెండు కలిపినదానికి కొంచెము తక్కువ. బ్రిటనులో 1937 చట్టమునను ఇదే అంకె యుండెను. అచ్చట 1968 చట్టము నాటికది 24 అయినది; మన చట్టములో 20 గానే నిలిచియున్నది.

ఇక ఈ వర్గీకరణమునకు అసలు పరీక్ష లీవరు తుపాకి. ట్రిగ్గరు క్రిందనున్న లీవరును క్రిందికి లాగి మరల మూసినచో, కాలిన తూటా గొట్టము బయట పడి కొత్త తూటా లోనికి వచ్చును. బ్రౌనింగు రూపొందించిన 1892 నాటి వించెస్టరు ఇట్టిది. దాని కార్బైను గొట్టము సరిగా 20 అంగుళములు. 1958లో అమెరికా టెలివిజనులో వచ్చిన ఒక ధారావాహికలో స్టీవ్ మెక్వీన్ పాత్ర ఈ రైఫిలునే ముందు వెనుకల కోసి నడుమున ధరించెను. దానికి ‘గుఱ్ఱపు కాలు’ అను అర్థము గల పేరు పెట్టిరి. అది రైఫిలా, పిస్తోలా? అమెరికాలో 1934 చట్టము కురచ రైఫిళ్లకు ప్రత్యేకమైన నమోదు విధించినది; హద్దు మొదట 18 అంగుళములు, 1960 నుండి 16. కార్ఖానాలోనే భుజపు కట్టె లేకుండ కురచగా పుట్టినది అచ్చట పిస్తోలు. రైఫిలును కోసి చేసినదైతే, చూపునకు అచ్చముగా అట్లేయున్నను, నమోదు చేయవలసిన ఆయుధము.

మన చట్టము ఈ చిక్కును మరియొక విధముగా విప్పినది. ప్రతి కాల్పునకును చేతితో లీవరు త్రిప్పవలెను గనుక ఇది స్వయంచాలకము కాదు, అర్ధ స్వయంచాలకము కాదు. గొట్టములో గాడులున్నచో అది రైఫిలు. 20 అంగుళముల గీత నున్నని గొట్టమునకే గాని దానికి తగులదు. కాని 6వ సెక్షను ప్రకారము ప్రత్యేకమైన లైసెన్సు లేక ఏ తుపాకి గొట్టమునైనను కురచ చేయరాదు. ఎన్ని అంగుళములు మిగిలినవన్న లెక్క అచ్చట లేదు, కోయుటయే నేరము. 2019 సవరణ తుపాకిని ఒక వర్గమునుండి మరియొక వర్గములోనికి మార్చుటను కూడ ఇందులో చేర్చినది. శిక్ష ఏడేండ్లకు తగ్గదు. యావజ్జీవము వరకు పోవచ్చును.

కమిషనరున్న నగర ప్రాంతమున లైసెన్సుల విషయములో జిల్లా మేజిస్ట్రేటు స్థానము పోలీసు కమిషనరుది. కావున హైటెక్ సిటీ నివాసి సైబరాబాదు కమిషనరునకే దరఖాస్తు చేసికొనవలెను. ఆ దరఖాస్తును విచారించునపుడు అతని నడవడిని, అవసరమును, తుపాకి వర్గమును చూతురు. శరీరపు రంగును చూడరు. ఇట్లు మన చట్టము మనిషి జాతిని కొలుచుట మాని, తుపాకిని కొలుచుట నేర్చుకొనుటకు, 1878 నుండి 1959 వరకు, 81 సంవత్సరములు పట్టినది. బ్యాంకు గుమ్మమున నున్న ఆ పొడవాటి తుపాకి గొట్టములో ఈ చరిత్రయంతయు ఇమిడియున్నది.