ఫలక్‌నుమా సౌధము – దాజీ పేట నేతయిల్లు

షోలాపురపు తూర్పుభాగమున తెలుగు నేతగాండ్రు నివసించు వాడలలో దాజీ పేట యొకటి. ఇంటిలో తెలుగు, బజారున మరాఠీ, కార్ఖానాలో ఈ రెండును కలిసిన మాట – ఇది యిక్కడి వ్యవహారము. ఈ పేట పిల్లలకు తెలుగు బోధించుట నా వృత్తి. ప్రతి సంవత్సరమును ఏదో యొక తరగతిలో ఏదో యొక బాలిక లేచి యొకే ప్రశ్న వేయుచుండును: "సార్, మన తాతలు తెలంగాణమును విడిచి యిక్కడి కెందుకు వచ్చినారు?" ఏ యూరినుండి వచ్చిరో ఇంటిలోని పెద్దలు చెప్పగలరు. ఎందుకు వచ్చిరను దానికి మాత్రము నేను చెప్పు సమాధానము నాకే తృప్తి నీయకుండెడిది. ఆ ప్రశ్నకు కొంత సమాధానము నాకు దొరికిన చోటు విచిత్రమైనది. అది హైదరాబాదులోని యొక రాజసౌధము.

విక్టోరియా కాలపు గృహములను గూర్చి యొక పాఠము చెప్పవలసివచ్చినపుడు మొదట మా పురమునే తలచితిని. ఇరవయ్యవ శతాబ్ది తొలిరోజులలో అప్పాసాహేబు వారద్ అను శ్రీమంతుడు కట్టించిన ఇంద్రభువనము నేడు మా నగరపాలకసంస్థకు కార్యాలయము. ఇటీవలి సంవత్సరములలో దానిని శుభ్రపరచి, మరమ్మతు చేసి, రాత్రివేళ దీపములతో అలంకరించిరి. పన్ను కట్టబోయిన మావారు తల యెత్తి ఆ ముఖద్వారమును చూతురు. కాని కార్యాలయముగా మారిన యింటిలో ఇల్లు కనబడదు. బల్లలును ఫైళ్ళును కనబడును. కాబట్టి ఇల్లు ఇల్లుగా నిలిచిన దానిని చూడగోరి, సెలవులలో కొందరు మిత్రులతోను, మా పేటకు చెందిన యొక వృద్ధ నేతగానితోను కలసి ఫలక్‌నుమాకు పోయితిని. అది యిప్పుడు హోటలు. గదులు తీసుకొనిన వారినేగాక, సాయంకాలపు తేనీటికి ముందుగా చోటు కుదుర్చుకొనిన వారిని గూడ లోనికి రానిత్తురు. మేము రెండవ తెగకు చెందినవారమని వేరుగా చెప్పనక్కరలేదు.

చార్మినారునకు దక్షిణముగా సుమారు 5 కిలోమీటర్ల దూరమున, ఒక గుట్టమీద ఈ సౌధము నిలిచియున్నది. ఫలక్ అనగా ఆకాశము. ఆకాశమును బోలినది లేదా ఆకాశమునకు అద్దము పట్టునది అని పేరునకర్థము చెప్పుదురు. దీనిని కట్టించినవాడు పైగా వంశీయుడైన నవాబు వికారుల్ ఉమ్రా. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు బావమరది వరుస, అనంతరము హైదరాబాదు దివానుగిరి నిర్వహించినవాడు. 1884 మార్చి 3వ తేదీన పునాది వేసిరి. పూర్తియగుటకు ఇంచుమించు తొమ్మిదేండ్లు పట్టినది. పటము గీసినవాడు విలియం వార్డ్ మారెట్. పైనుండి చూచినచో కట్టడము వృశ్చికాకారమున నుండుననియు, రెండు రెక్కలు కొండెములవలె వెనుకకు సాగియున్నవనియు ప్రసిద్ధి.

విక్టోరియా రాణి 1837 మొదలు 1901 వరకు రాజ్యమేలినది. ఆ కాలపు ధనికగృహములకు ఒక స్వభావము కలదు: గతకాలపు శిల్పరీతులన్నిటిని ఎరువు దెచ్చుకొని ఒకే కప్పుక్రింద కూర్చుట. ఫలక్‌నుమా ముందరి స్తంభముల వరుస ఇటాలియను రీతి; కొన్ని భాగములు ట్యూడరు రీతి; గ్రంథాలయమునకు ఇంగ్లండులోని విండ్సరు కోటలోని గ్రంథాలయము మాదిరి. పైగా వెనుక జనానా యున్నది. అది మన దక్కను నవాబుల యింటి కట్టుబాటు. ముందు ఐరోపా, వెనుక హైదరాబాదు – ఇల్లు చూచిన వానికి ఇంటి యజమాని మనస్సు ఇంతకంటె స్పష్టముగా నేమి తెలియవలెను?

ఆ కాలపు మరొక లక్షణము గదుల విభజన. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గది. భుజించుట కొక శాల. అందులో 101 మంది ఒకేమారు కూర్చుండుటకు వీలైన బల్ల. బంతులాట కొక గది. చదువుట కొకటి, నృత్యమున కొకటి, పచ్చరాతి వస్తువుల పేరిట జేడ్ గది యొకటి. పాలరాతి సోపానము నెక్కునపుడు ఇరుప్రక్కల గోడలపై ఆనాటి ప్రముఖుల చిత్తరువులు మనలను చూచుచుండును. విద్యుద్దీపములు మన దేశమున అరుదైన ఆ దినములలోనే ఈ సౌధమున వాటి నమర్చిరి; ఆనాటి స్విచ్చుల పలక నేటికిని చూడదగినది.

ఇంత ధనము ఒక్క యింటిపై పెట్టిన నవాబు అప్పులలో మునిగెను. శతాబ్ది ముగియకమునుపే సౌధము నిజామునకు దక్కి, రాజాతిథుల విడిదియైనది. 1906లో యువరాజుగా వచ్చిన ఐదవ జార్జి ఇందే బస చేసెను. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీఖాను కన్నుమూసినదియు ఇక్కడనే. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు విడిసిన తరువాత పెద్ద అతిథులు తగ్గి, తలుపులు మూతపడినవి.

పునరుద్ధరణ కథ యిక చెప్పవలెను. తాజ్ హోటళ్ళవారు సౌధమును దీర్ఘకాలపు కౌలునకు తీసుకొని, ఇంచుమించు పదేండ్లు బాగుచేయించి, 2010 నవంబరులో అతిథులకు తెరచిరి. ఎనిమిదవ నిజామని పేరుపొందిన ముకర్రంజా ప్రథమపత్ని ఎస్రా రాకుమారి ఈ పనిని దగ్గరనుండి నడిపించెను. ఇట్టి పనిలో కష్టమంతయు ఒకే చోట నున్నది: పాతదానిని పాతదిగా కనబడనిచ్చుచు కొత్తవానికి సుఖము సమకూర్చవలెను. చల్లనిగాలి యంత్రము వలెను, కాని గోడపై కనబడరాదు. స్నానపుగదికి వేడినీరు రావలెను, గొట్టము కనబడరాదు. చెక్కిన కప్పులను, చిత్రించిన గోడలను, రంగుటద్దములను శుభ్రపరచుటకును, చిరిగిన బట్టలను మార్చుటకును చేసిన శ్రమ కంటికి తెలియుచునే యున్నది. జనానావైపు భాగములు అతిథుల గదులుగా మారినవి. మొత్తము 60 గదులు.

దీనిని మెచ్చుకొనవచ్చునా? మెచ్చుకొనవలెననియే నా యభిప్రాయము. ధనవంతుల సుఖమునకై చేసినారని ఆక్షేపించుట సులభము. కాని ఆ పని జరుగనిచో చెదలును వాననీరును చేయు పని జరుగును. ఒకటి మాత్రము ఒప్పుకొనవలెను. గుట్టయెక్కి తేనీరు త్రాగుటకు మేము తలకొకరు చెల్లించిన పైకము, మా వృద్ధుడు వారమంతయు పనిచేసి తెచ్చుకొనిన కూలికి తక్కువ గాదు. ఆయన గ్రంథాలయపు కప్పు వంక గాని, దీపవృక్షముల వంక గాని ఎక్కువ చూడలేదు. తెరల అంచును వ్రేళ్ళ నడుమ పట్టి, పోగులు లెక్కించినట్లు కొంతసేపు నిలుచుండి, "ఈ ఇల్లు ఎప్పుడు కట్టిరి?" అని యడిగెను. 1884 అని చెప్పితిని. "మా ముత్తాత షోలాపురము వచ్చినది ఆ దినములలోనే" అనెను.

నాకు కావలసిన సూత్రము అక్కడ చిక్కినది. సంవత్సరములను వరుసగా పేర్చి చూడుడు. బొంబాయినుండి రైలు 1860లో షోలాపురము చేరినది. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు నిజాము రైలు నడచినది. అనగా తెలంగాణపు నేతయూళ్ళకు పడమటి త్రోవ తెరచుకొన్నది. 1876 మొదలు 1878 వరకు దక్కనును మహాక్షామము పట్టిపీడించినది. ఆ క్షామము నడుమనే, 1877లో, మొరార్జీ గోకుల్‌దాసు షోలాపురమున నూలుమిల్లును స్థాపించెను. మావా రిప్పటికిని పాత గిర్నీ అనునది అదియే. ఏడేండ్లకు గుట్టమీద సౌధమునకు పునాది పడినది. ఒకే రాజ్యమునుండి, ఒకే దశాబ్దమున, పాలరాయి లోనికి వచ్చుచుండగా నేతగాడు వెలుపలికి పోవుచుండెను.

మా పేటలో అందరును గిర్నీ కూలికే వచ్చిరని యొక వాడుక కలదు. అది సగమే నిజము. పద్మశాలీలలో పెక్కుమంది మగ్గమును నమ్ముకొనియే వచ్చిరి. గిర్నీ నూలు చేరువలో చవుకగా దొరకుటయు, మహారాష్ట్ర స్త్రీలు కట్టు తొమ్మిది గజముల చీరలకు అంగడి దగ్గరగా నుండుటయు వారిని రప్పించినవి. అందుచే మిల్లు పొగగొట్టము నీడలోనే చేమగ్గములు చావక వృద్ధిపొందినవి. చేమగ్గముల కార్ఖానాలు వెలసినవి. మగవారు నేయగా ఆడవారు కండెలు చుట్టిరి. తరువాతి కాలమున మగ్గము తీసి సాంచాలు పెట్టిరి; చీరకు బదులు దుప్పటియు తువ్వాలయు వచ్చినవి; ఆడవారి చేతికి కండెకు బదులు బీడీల చేట వచ్చినది.

ఈ మార్పులన్నియు ఇంటిపై వ్రాసియున్నవి. దాజీ పేటలోని పాతయింటికి ఫలక్‌నుమావలె పనికొక గది లేదు; ఒకే గదికి పదిపనులు. పగలు మగ్గమున్న చోటనే రాత్రి పడక. వీథివైపు పని, వెనుక వంట, అటుకపై నూలుకట్టలు. గుంటమగ్గము పోయిన దినమున గుంట పూడ్చి బండలు పరచిరి. సాంచా వచ్చిన దినమున నేల గట్టిచేసి, గోడ యొకటి పడగొట్టిరి. సాంచా నమ్మిన తరువాత ఆ చోటు అద్దె దుకాణమైనది. మట్టిగోడ పోయి సిమెంటు వచ్చినది; మీద అంతస్తు లేచినది. పేటను విడిచినవారును కలరు. కుంభారి వద్ద బీడీ పని స్త్రీలకై గోదూతాయి పరులేకర్ పేరిట కట్టిన 10,000 ఇండ్లకు 2006 మొదలుగా పోయినవారు కొందరు. అక్కడనే రాయ్‌నగరమున 2024 జనవరిలో పంచిన 15,000 ఇండ్లలోనికి చేరినవారు కొందరు. అందు మాకు దుఃఖము లేదు. ఒక గదిలో ఎనమండుగురు నిద్రించిన యింటిని, చరిత్ర పేరు చెప్పి, అట్లే యుంచుడని ఎవరిని కోరగలము?

కోరదగినది వేరొకటి. సౌధమును బాగుచేయుటకు ముందు ప్రతి గోడను కొలిచి, ప్రతి కప్పును చిత్రించి, ఆ వ్రాతను ఆధారముగా నుంచుకొందురు. అంత ఖర్చు మనకు లేదు. కొలబద్దయు కాగితమును కలవు. ఇల్లు పడగొట్టుటకు ముందు దినమైనను దాని పటము గీసి, ఏ కాలమున ఏది ఎక్కడ నుండెనో ఆ యింటి అవ్వనడిగి వ్రాసికొన్నచో, తెలుగు నేతగాండ్ర వలసకు సాక్ష్యమొకటి నిలుచును. మన సంఘములు ఇట్టి పటములను సేకరించి భద్రపరుపవలెనని ఈ సంచిక ద్వారా మనవి చేయుచున్నాను. ఇంటిపేరులును గోత్రములును అచ్చువేయించుచున్నాము. ఇండ్లను మాత్రము విడిచితిమి.

హైదరాబాదునుండి తిరిగివచ్చిన తరువాత మా పాఠశాల బాలబాలికలు పన్నెండుమంది ఈ పని ఒక యింట మొదలుపెట్టిరి. అది మాతో వచ్చిన వృద్ధునిదే. ముందరి గది పొడవును వెడల్పును కొలిచి, తలుపులు, గూళ్ళు, దూలములు గుర్తించి, పటము పూర్తియైనదని లేచిరి. అప్పుడాయన చేతికఱ్ఱతో నేల తట్టుచు గోడవారగా నడచి, ఒకచోట నిలిచెను. అక్కడి బండ బోలుగా మ్రోగినది. "గుంట యిక్కడ" అని చెప్పెను. పిల్లలు మరల కూర్చుండి, ఆ బండ చుట్టును సుద్దముక్కతో గీత గీసి, గోడనుండి గుంటకు గల దూరమును కొలువసాగిరి.