పాతాళగంధి: పిచ్చికి మందుగా పేరుపడ్డ వేరు

తూర్పు కనుమల అడవుల్లో చెట్ల నీడన మోకాలెత్తున పెరిగే మొక్క పాతాళగంధి. సర్పగంధి అన్నా ఇదే. తెల్లటి పూలు, ఎర్రటి కాడలు, పండితే నల్లబడే కాయలు. శాస్త్రంలో దీని పేరు రావుల్ఫియా. రావుల్ఫ్ అనే ఆయన 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు. బాగ్దాద్ దాకా వచ్చాడు గానీ మన దేశంలో అడుగుపెట్టలేదు. అయినా మొక్కకు ఆయన పేరే పెట్టారు! వేరు తవ్వి, ఎండబెట్టి, నూరి ఇచ్చినవాళ్ల ఊసు ఆ పేరులో లేదు.

బీహార్‌లో ఈ వేరుపొడిని ‘పాగల్ కీ దవా’ అని అమ్మేవారు. నిద్రపట్టనివారికి, మతి చెదిరి అరిచేవారికి ఇచ్చేవారు. ఈ వాడుక నిజమో కాదో తేల్చే పని 1931లో మొదలైంది. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రోగులకు వేరుపొడి ఇచ్చి చూశారు. ఉద్రేకం తగ్గింది, రక్తపోటూ తగ్గింది. అదే ఏడు ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సిద్ధిఖీలు వేరు నుంచి కొన్ని రసాయనాలు వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపోటు రోగుల ఫలితాలను బ్రిటిష్ పత్రికలో అచ్చువేయించాక పడమటి దేశాలు ఇటు చూశాయి. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ రిసర్పిన్‌ను వేరుచేసింది. 1954లో నేథన్ క్లైన్ న్యూయార్క్ రాష్ట్రంలో మానసిక రోగులపై దాని ఫలితాలను ప్రకటించాడు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. రక్తపోటుకు రిసర్పిన్ వాడుతున్న కొందరు దిగులుతో కుంగిపోయారు. మెదడులోని సెరటోనిన్, డోపమిన్‌లను ఈ మందు ఖాళీ చేస్తుందని 1955–57 మధ్య తేలింది. మనసు దిగులుపడటానికి మెదడు రసాయనాలు కారణమన్న ఊహకు బలం అక్కడినుంచే వచ్చింది. విచిత్రమేమిటంటే, 1955లోనే లండన్‌లో డేవిస్, షెపర్డ్ ఇదే మందును ఆందోళనతో, దిగులుతో ఉన్నవారికిచ్చి మేలు చూశారు. రిసర్పిన్ నిజంగా దిగులు తెస్తుందా అన్న వాదన నేటికీ ముగియలేదు. ‘ఆయుర్వేదం కాబట్టి హాని లేదు’ అనేవారికి ఈ మొక్క చరిత్రే జవాబు. రక్తపోటుకు ఇచ్చే రిసర్పిన్ రోజుకు సాధారణంగా మిల్లీగ్రాములో కొద్ది భాగమే. అడవిలో ఏ వేరులో ఎంత మందుందో కంటితో చూసి చెప్పలేం. అందుకే పెద్దల దగ్గర ఈ వేరు గురించి అడిగేటప్పుడు పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు. ఏ కాలంలో తవ్వేవారు, ఎంత ఇచ్చేవారు, ఎవరికి ఇచ్చేవారు కాదు, ఇవన్నీ అడగాలి.

వేరు తవ్వితే మొక్క మిగలదు. మందుల గిరాకీకి అడవుల్లో ఇది పలచబడింది. 1990లో సైటిస్ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి ఎక్కింది. సాగు చేస్తే సుమారు ఏడాదిన్నరకు వేరు చేతికొస్తుంది. గింజలు సరిగా మొలవవు కాబట్టి వేరుముక్కలు కూడా నాటుతారు.