కొండదారియు చోదకధర్మమును

తిరుమల కొండపై శ్రీవారి దర్శనమునకు ముందుగనో వెనుకనో తిరుచానూరునకు వచ్చి, పద్మసరోవర జలమును శిరమున చల్లుకొని అలమేలుమంగను సేవించుట యాత్రికులకు ఆనవాయితీ యగుటచే, తిరుపతికి సుమారు 5 కిలోమీటర్ల దూరముననున్న ఈ యూరి చరిత్రతో కొండదారి చరిత్రయు పెనవైచికొనియున్నది. జట్కాబండ్లు తిరుపతికి చేర్చిన యాత్రికులను ఆపైన మోసినవి వారి కాళ్లు; నడువలేనివారికి డోలీలు.

1944 ఏప్రిలు 10న మదరాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించిన ఘాటురోడ్డుతో ఆ స్థితి మారెను. సుమారు 19 కిలోమీటర్ల నిడివి, 36 కొక్కెపు మలుపులు గల ఆ యొక్క మార్గముననే ముప్పదేండ్లపాటు ఎక్కు బండ్లును దిగు బండ్లును ఎదురెదురుగ నడచుచుండెను. ఆ కాలపు డ్రైవర్ల నేర్పును తలచినపుడెల్ల నాకు గౌరవము కలుగును. ఏ గేరున ఎక్కితిమో ఆ గేరుననే దిగవలెనని వారి నియమము: బరువుతో దిగు బస్సును బ్రేకుల మీదనే నిలుపబూనినచో, అవి వేడెక్కి పట్టుతప్పును, గేరును తగ్గించినచో ఇంజనే చక్రములను వెనుకకు లాగును. ఇంధనము మిగులునని గేరు తప్పించి పల్లమున బండిని వదలువాడు ఆ రక్షణను తనంత తానే వదలుకొన్నవాడు. మలుపునకు ముందు హారను మ్రోగించుట, ఎక్కి వచ్చు బండికి దారి విడుచుట వారికి చట్టము చెప్పకమునుపే అలవాటైన మర్యాదలు.

1974లో రెండవ ఘాటురోడ్డు ఏర్పడి, ఎక్కుటకు అదియు దిగుటకు పాతదియు నియతములగుటతో ఎదురుబండి భయము తొలగెను. మరుసటి యేట దేవస్థానమువారి బస్సులు ఆర్టీసీ చేతికి వచ్చెను. అయితే ఎదురు లేని దారి వేగమునకు ఆహ్వానము పలుకును గదా! అందుచేతనే పిమ్మట కాలము ముద్రించిన చీటీ నిచ్చి, ఎక్కుటకు కనీసము 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు పట్టవలెనని కట్టడి చేసిరి. దిగునపుడు గంటకు సుమారు 28 కిలోమీటర్ల సగటు మించరాదని దీని యర్థము. తొందరపడి లాభము లేదని తెలిసిన డ్రైవరు సహజముగనే నెమ్మదించును; ఇంతకంటె వివేకవంతమైన నియమమును నేనెరుగను.



ఆ చీటీ లేని ఘాట్లు ఈ సీమలో ఇంకను కలవు. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరమునుండి నిశ్చితార్థమునకై తిరుపతి వైపు బయలుదేరిన ప్రైవేటు బస్సు భాకరాపేట ఘాటు మలుపున లోయలో పడి, కొందరు ప్రయాణికులతోపాటు డ్రైవరును మరణించెను. ఆ ప్రమాదమునకు కారణమేదైనను, తెలవారుసరికి గమ్యము చేరవలెనని డ్రైవరుచే రాత్రియంతయు నడపించి, కొండ దిగిన వెంటనే తిరుచానూరునకు, అటనుండి మరల స్వగ్రామమునకు పొమ్మనుట మన యాత్రాకుటుంబములకు పరిపాటియైనది. అమ్మవారి సన్నిధిని యాత్రికులు క్యూలో నిలిచియున్న గంటలు డ్రైవరు కంటినిండ నిద్రపోదగిన గంటలు; అందులకు నీడయు మంచమును తిరుచానూరున బండ్లు నిలుపు చోటులన్నిట కల్పింపవలెను, అతడు లేచు వరకు బండి కదలరాదని యాత్రికులును ఒప్పుకొనవలెను.